నల్లనేలకు తెల్లగొడుగు

దేశానికి వెలుగునిచ్చే బొగ్గు ఆ నేలది. రాత్రంతా బాయిలో చెమటోడ్చి, పగటిపూట ఇంటికొచ్చి పడుకునే కార్మికుడికి మాత్రం కంటినిండా నిద్ర కరవు. కారణం... నెత్తిమీద నిప్పులు చెరిగే కప్పు! గోదావరిఖని, రామగుండం కాలనీల్లోని పాత ఇళ్లను చల్లబరచాలంటే పెద్ద పెద్ద యంత్రాలే అక్కర్లేదు. ముందుగా కావాల్సింది ఓ బకెట్టు తెల్లరంగు, కాస్త శ్రద్ధ.

ఉదయం ఏడు గంటలు. గోదావరిఖనిలో రోజు అప్పుడే మొదలవుతుంది... కొందరికి. ఇంకొందరికి అప్పుడే ముగుస్తుంది. మొదటి షిఫ్టువాళ్లు టిఫిన్ డబ్బా పట్టుకుని బాయి దారి పడితే, మూడో షిఫ్టువాళ్లు మసి కడుక్కుని ఇంటిదారి పడతారు. రాత్రి 11 గంటలకు మస్టర్ పడితే మళ్లీ పైకొచ్చేది ఇప్పుడే. చౌరస్తాలో ఓ చాయ్ తాగి, చేతిసంచిలో కూరగాయలు వేసుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. స్నానం, నాలుగు ముద్దలు... తొమ్మిదికల్లా మంచంమీద వాలిపోతారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో చడీచప్పుడూ ఉండదు. కిటికీకి దుప్పటి కడతారు. టీవీ కట్టేస్తారు. ఆడుకుంటూ లోపలికి దూసుకొచ్చే పిల్లల్ని గుమ్మంలోనే ఆపేస్తుంది తల్లి. ‘బాపు పండుకున్నడు... సప్పుడు చేయకుండ్రి!’ కార్మికవాడల్లో ఏ గల్లీలోనైనా పగటిపూట వినిపించే మాటే ఇది.

పిల్లల్ని ఆపొచ్చు. టీవీని ఆపొచ్చు. మరి ఎండను ఆపేదెలా? మే నెలలో పది గంటలకే కప్పు కాగడం మొదలవుతుంది. పన్నెండయ్యేసరికి ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే. ఒంటిగంటకల్లా దిండు చెమటతో తడిసిపోతుంది. నిద్ర తీరని కళ్లతో లేచి కూర్చుంటాడా కార్మికుడు. రాత్రికి మళ్లీ బాయి దిగాలి. వందల అడుగుల లోతున, చీకట్లో, ఒళ్లంతా కళ్లు చేసుకుని పనిచేయాలి.

గని కార్మికుడు పనిచోటికి చేరగానే మొదట చూసేది ఏమిటో తెలుసా? పైకప్పును! కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో లేదో తెలుసుకుంటారు. అనుమానం వస్తే రూఫ్ బోల్టులు బిగిస్తారు, దిమ్మెలు నిలబెడతారు. ‘రూఫ్ బాగుంటేనే ప్రాణం’ అన్నది బాయిలో మొదటి పాఠం. విచిత్రం ఏమిటంటే, భూమి లోపలి కప్పు గురించి ఇంత తెలిసిన ఊళ్లో ఇంటి కప్పు గురించి పట్టించుకునేవారే తక్కువ!

వెలుగుల నేల... వేడి నేల

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణిస్తే రామగుండం వస్తుంది. రైలులో అయితే కాజీపేట-బల్లార్ష మార్గంలో దిగాలి. ఊరు కనిపించడానికి ముందే ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఆ కేంద్రం 2,600 మెగావాట్ల స్థాయికి ఎదిగింది. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు కింద 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం 2024లో మూతపడింది. ఇక్కడి వెలుగు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతోపాటు దక్షిణాదిలోని ఇతర రాష్ట్రాల ఇళ్లకూ వెళ్తుంది.

వీటన్నిటికీ మూలం బొగ్గు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ రోజున సింగరేణి దినోత్సవం జరుపుకుంటారు. గోదావరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో గనులు 1960ల నాటికి ఊపందుకున్నాయి. పొట్ట చేతపట్టుకుని పల్లెల నుంచి వచ్చినవాళ్లతో గోదావరిఖని అనే కొత్త ఊరు పుట్టింది. బాయిల నంబర్లే వాడల పేర్లయ్యాయి. ఎనిమిదో నంబరు ఇంక్లయిన్ దగ్గర వెలసిన కాలనీ జనం నోట ‘యైటింక్లయిన్ కాలనీ’ అయిపోయింది. సంస్థ నూరేళ్ల పండుగ పేరు మోస్తూ మంథని దారిలో సెంటినరీ కాలనీ వచ్చింది.

ఇక ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసవిలో రేడియోలో, టీవీలో వాతావరణ వార్తలు చెప్పేటప్పుడు ‘రాష్ట్రంలోనే అత్యధికంగా...’ అనగానే రామగుండం పేరు వస్తుందేమోనని చెవులు రిక్కిస్తారు జనం. 44, 45 డిగ్రీలు ఇక్కడ మామూలే. నేల నల్లనిది. చుట్టూ ఓపెన్‌కాస్టు గనుల మట్టిదిబ్బలు. మధ్యాహ్నం ఓసీల్లో యంత్రాలు నడిపేవారికి చల్లటి మజ్జిగ ఇస్తారు. ఇంటికొచ్చాక మజ్జిగతో తీరే తాపం కాదిది.

ఇల్లు పొయ్యి అవుతుందిలా!

కాలనీల్లో ఉన్నవి ఎక్కువగా కొన్ని దశాబ్దాల కిందట కట్టిన క్వార్టర్లు. సిమెంటు కాంక్రీటు కప్పు మందం నాలుగైదు అంగుళాలు. వానకు, ఎండకు నల్లబడి, నాచు పట్టి ఉంటుంది. అలాంటి కప్పు తనమీద పడ్డ ఎండలో పావువంతుకు మించి వెనక్కి పంపదు. మిగతాదంతా తాగేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆ కప్పుమీద చెప్పుల్లేకుండా నిలబడటం ఎవరి తరమూ కాదు. బయట గాలి 44 డిగ్రీలుంటే కప్పు ఉపరితలం 60 డిగ్రీలు దాటిపోతుంది.

ఆ వేడి వెంటనే లోపలికి దిగదు. కాంక్రీటును దాటి రావడానికి రెండు మూడు గంటలు తీసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం మూడు తర్వాత, ఎండ కాస్త తగ్గుతోందనుకునే వేళ ఇంట్లో ఉడుకు ఇంకా పెరుగుతుంది. సూర్యుడు గూటికి చేరినా కప్పు మాత్రం అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రాత్రిపూట చేయి పైకెత్తితే సెగ తగులుతుందంటారే, అది ఇదే! ఫ్యాను చేసే పని కూడా కప్పు కింద పేరుకున్న ఆ వేడిగాలిని మంచం మీదికి తోయడమే.

రెండంతస్తుల క్వార్టర్లలో కింది ఇల్లు కాస్త నయం. పైఇంటివాళ్లకే ఈ బాధంతా. కొన్నిచోట్ల పాత కప్పు ఉరుస్తోందని పైన తారు పూతో, నల్లటి తారు షీటో పరుస్తారు. వానకు అది మందే. కానీ, నల్లరంగు ఎండను ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. వానాకాలం రోగం కుదిర్చి ఎండాకాలం రోగం తెచ్చుకున్నట్టన్నమాట!

వీటికన్నా అధ్వానం రేకుల గదులు. కుటుంబం పెరిగాక పెరట్లో వేసుకున్న గది, బయట బస్తీల్లో అద్దెకిచ్చే గది... వీటికి సిమెంటు రేకులే దిక్కు. రేకుకు కాంక్రీటుకున్న ఓపిక కూడా ఉండదు. ఎండ పడ్డ నిమిషాల్లోనే సెగ లోపలికి దిగిపోతుంది. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల స్థాయికి వచ్చేసింది. ఆ స్థానంలో పెరిగిన కాంట్రాక్టు కార్మికుల్లో చాలామందికి కంపెనీ క్వార్టరు లేదు. రేకుల కింద పగటినిద్ర పోవాల్సింది వాళ్లే.

నిద్రపట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలని వైద్యశాస్త్రం చెబుతుంది. చుట్టూ సెగ ఉంటే ఆ పని జరగదు. పైగా, రాత్రిళ్లు పనిచేసేవారి పగటినిద్ర మామూలు నిద్రకన్నా గంటో రెండు గంటలో ఎలాగూ తక్కువే. ఆ ఉన్న కాస్తలోనూ కప్పు వాటా అడిగితే, దాని ప్రభావం మరునాటి షిఫ్టు మీద పడకుండా ఉంటుందా? యంత్రాల మధ్య తిరిగే మనిషికి ఓ కునుకు ఎంత ప్రమాదమో బొగ్గుబాయి ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మంథని ఇళ్లకు తెలిసిన గుట్టు

గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా, రామగిరి ఖిల్లా గుట్టల్ని చూసుకుంటూ వెళ్తే గోదావరి తీరంలోనే మంథని వస్తుంది. వేదపండితుల ఊరుగా పేరున్న ఆ పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పాతకాలపు ఇళ్లు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. మోకాలెత్తు అరుగులు, మందపాటి మట్టిగోడలు, కర్రదూలాల మీద గూనపెంకులు, మధ్యలో ఆకాశం కనిపించే భవంతి. మే నెలలో మధ్యాహ్నం ఆ ఇంట్లోకి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది.

దాంట్లో మాయ ఏమీ లేదు. గూనపెంకుల వరుసల మధ్య గాలి ఆడుతుంది. ఆ గాలి వేడిని తనతో తీసుకుపోతుంది. అటక ఉంటే కప్పుకీ మనిషికీ మధ్య అదో అడ్డు. మందపాటి గోడ పగటి వేడిని సాయంత్రం దాకా లోపలికి రానివ్వదు. భవంతి వల్ల లోపలి వేడిగాలి పైకి పోతుంది. ఏటా పండక్కి వేసే తెల్లసున్నం ఎండను వెనక్కి కొడుతుంది. కరెంటు లేని రోజుల్లో మనవాళ్లు అనుభవంతో నేర్చుకున్న లెక్కలివి.

పల్లె వదిలి బాయిపనికి వచ్చిన కుటుంబాలు ఆ ఇంటిని వెంట తెచ్చుకోలేకపోయాయి. వేలమందికి ఒక్కసారిగా నీడ కావాలి. కాంక్రీటు క్వార్టర్లు ఆ అవసరం తీర్చాయి. గట్టిగా ఉన్నాయి, దశాబ్దాలు నిలిచాయి. వాటిని తప్పుపట్టాల్సిన పనిలేదు, కూలగొట్టాల్సిన అవసరమూ లేదు. పాత ఇంటి గుట్టులో కొంతైనా వాటికి నేర్పితే చాలు.

ఓ రాత్రి ఏసీ... ఎంత బొగ్గు?

ఉక్కపోతకు జనానికి తెలిసిన మొదటి మందు కూలరు. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో అది బాగానే పనిచేస్తుంది. తొలకరి పడి గాలిలో తేమ పెరగ్గానే చేతులెత్తేస్తుంది. ఆ తర్వాతి మందు ఏసీ. క్వార్టర్లలో ఏసీలు పెట్టుకోనివ్వాలన్నది కార్మికులు చాలాకాలం అడిగిన కోరిక. ఎనిమిది గంటలు బాయిలో ఉడికొచ్చిన మనిషి చల్లటి గదిలో పడుకోవాలనుకోవడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

అయితే, బొగ్గు ఊళ్లో ఆ లెక్కను బొగ్గులోనే వేసుకుంటే బాగా అర్థమవుతుంది. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 650 గ్రాముల బొగ్గు మండాలి. నాణ్యతను బట్టి అది కాస్త అటూ ఇటూ అవుతుంది. కాగిన కప్పు కింద ఒకటిన్నర టన్నుల ఏసీ ఎనిమిది గంటలు నడిస్తే పది యూనిట్ల దాకా ఖర్చు. అంటే ఆరేడు కిలోల బొగ్గు! ఆ ఏసీ చల్లబరిచేది మనిషిని మాత్రమే కాదు, కప్పునూ గోడల్నీ కూడా. కప్పు ముందే చల్లగా ఉంటే అదే ఏసీ తక్కువసేపు శ్రమపడుతుంది. చాలా రోజులు దాని అవసరమే రాకపోవచ్చు.

ఫ్యాను లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. పాతకాలపు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగిందనుకుంటే ఒక్కో ఫ్యాను మీద 200 యూనిట్లు మిగులుతాయి. అంటే 130 కిలోల బొగ్గు. వెయ్యి ఇళ్ల కాలనీలో ఇంటికి రెండు ఫ్యాన్లు మారిస్తే ఏటా నాలుగు లక్షల యూనిట్లు, 260 టన్నుల బొగ్గు భూమిలోనే భద్రంగా ఉంటుంది. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గెత్తిన తరాన్ని అడిగితే చెబుతారు, ఆ 260 టన్నుల బరువెంతో!

కంపెనీ క్వార్టర్లలో కరెంటు భారం కార్మికుడి జేబు మీద పెద్దగా పడదు. సొంత ఇళ్లవాళ్లకు, అద్దెకుండేవాళ్లకు మాత్రం ప్రతి యూనిట్టూ లెక్కే. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు వస్తోంది. గీత దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. చలికాలంలో హాయిగా గీత లోపలే ఉండే ఇల్లు మే నెలలో కూలరు, ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లతో ఆ గీత మీద తూగుతుంది. కప్పు రెండు డిగ్రీలు చల్లబడితే ఆ ఇంటి తూకం ఎటు మొగ్గుతుందో ఇల్లాలికి బాగా తెలుసు.

బకెట్టు రంగు... రెండు నుంచి అయిదు డిగ్రీలు!

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానం ప్రకటించింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం ఇదే. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పుల్ని చల్లబరచాలన్నది లక్ష్యం. ఎండను తిప్పికొట్టే పూతతో ఇంట్లో వేడి రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తగ్గుతుందని, చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు ఖర్చవుతుందని అప్పట్లో అంచనా వేశారు. ఆ లెక్కన 500 చదరపు అడుగుల కప్పుకు 14 వేల రూపాయలు. ఒక మంచి ఏసీ ధరలో సగం కూడా కాదు. పైగా, దానికి నెలనెలా బిల్లు రాదు!

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పులమీద తెల్లటి పొర పరిచి చూశారు. పక్కనున్న మామూలు ఇళ్లకన్నా వాటిలో వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించొచ్చు. నిద్రపట్టని మనిషిని అడిగితే ఆ రెండు డిగ్రీల విలువ చెబుతాడు.

తెల్లరంగు ఏం చేస్తుంది? నల్లబడ్డ కాంక్రీటు ఎండలో పావువంతే వెనక్కి పంపితే, కొత్తగా వేసిన తెల్లపూత 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. ఎండాకాలం తెల్లచొక్కా ఎందుకు వేసుకుంటామో కప్పుకూ అందుకే తెల్లరంగు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు సున్నం ఉండనే ఉంది. సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేస్తే ఒక ఎండాకాలం గడుస్తుంది. పగిలిన తెల్లటి పలకల ముక్కలు పరిచినా పనిచేస్తుంది.

కాకపోతే, బొగ్గు ఊరికి ఓ ప్రత్యేకమైన చిక్కుంది. దుమ్ము! గనుల నుంచి బొగ్గుపొడి, లారీల దారి దుమ్ము, థర్మల్ కేంద్రాల బూడిద... ఇవన్నీ కప్పుమీద చేరితే తెల్లగొడుగు కొద్దినెలల్లోనే బూడిదరంగుకు తిరుగుతుంది. దాంతో ఎండను తిప్పికొట్టే శక్తీ తగ్గుతుంది. హైదరాబాద్‌లో రెండు మూడేళ్లు చూసుకోకపోయినా నడుస్తుందేమో గానీ ఇక్కడ కుదరదు. ఎండలు ముదరకముందే ఓసారి కడగాలి. ఇంకో ఇబ్బంది బీటలు. ఓపెన్‌కాస్టు పేలుళ్లకు గోడలు, కప్పులు బీటలు వారుతున్నాయన్నది గనుల పక్కన ఉండేవారి పాత ఫిర్యాదు. బీటలు పూడ్చకుండా పైన ఎంత మంచి పూత వేసినా తొలి వానకే లేచిపోతుంది. ముందు వైద్యం, తర్వాతే అలంకారం.

ఇంతకూ ఎవరి పని?

అసలు ముడి ఇక్కడుంది. క్వార్టరు కంపెనీది. కరెంటు భారంలో ఎక్కువ కంపెనీది. నిద్ర మాత్రం కార్మికుడిది. రిటైరైతే ఖాళీ చేయాల్సిన ఇంటికి 14 వేలు పెట్టి పూత వేయించాలంటే కార్మికుడు వెనకాడతాడు. వేల క్వార్టర్లకు వేయించాలంటే సంస్థకు అదో పెద్ద పద్దు. అద్దె ఇళ్లలోనూ ఇదే వరస. రంగు వేయించాల్సింది యజమాని, ఉడికేది అద్దెకున్నవాళ్లు. ఎవరి దారి వారిదైనప్పుడు కప్పు ఎవరిదీ కాకుండా పోతుంది.

చట్టాలు చూస్తే ఎక్కువగా కొత్త కట్టడాల వైపే ఉన్నాయి. 2007లో కేంద్రం తెచ్చిన భవనాల ఇంధన పొదుపు నిబంధనలు పెద్ద వాణిజ్య భవనాలకు. 2018లో వచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ కొత్తగా కట్టే నివాసాలకు. కూల్ రూఫ్ విధానంలోనూ ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలకు తగ్గని స్థలంలో కట్టే ఇళ్లకే తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఇష్టముంటేనే. గోదావరిఖనిలో 600 గజాల్లో ఇల్లున్న కార్మికులు ఎందరుంటారు? చల్లటి కప్పు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ‘ఇష్టముంటే’ జాబితాలో మిగిలారన్నమాట!

పాత కట్టడాలను మార్చడం అసాధ్యమా అంటే... కాదు. 1916లో నిజాం కాలంలో కట్టిన కాచిగూడ రైల్వేస్టేషన్‌నే తీసుకోండి. దాని అందం చెక్కుచెదరకుండా లోపల దీపాలు, ఫ్యాన్లు మార్చి కరెంటు ఆదా చేసే స్టేషన్‌గా దేశంలో పేరు తెచ్చుకుంది. అమెరికాలో 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనంలో 6,514 కిటికీలను పారేయకుండా విప్పి, అద్దాల మధ్య పలుచటి పొర చేర్చి మళ్లీ బిగించారు. ఇలాంటి మార్పులన్నీ కలిపి ఇంధనం వాడకాన్ని 38 శాతం తగ్గించాలన్నది వాళ్ల లెక్క. 102 అంతస్తుల భవనానికి సాధ్యమైనది రెండంతస్తుల క్వార్టరుకు కాదా?

సింగరేణికి ఇలాంటి ఆలోచనలు కొత్తేమీ కాదు. బొగ్గు తవ్వే సంస్థే రామగుండం-3 ఏరియాలో 50 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం పెట్టుకుంది. ఎన్టీపీసీ 2022లో ఇక్కడి జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌరపలకలు పరిచింది. నీటిమీదికి చేరిన వెలుగు క్వార్టరు కప్పుమీదికి చేరడం ఎంతసేపు? సౌరపలక కరెంటు ఇవ్వడమే కాదు, కప్పుకు నీడ కూడా పడుతుంది. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా రాయితీ ఉంది. సొంత ఇల్లున్నవారికి అదో దారి. సింగరేణి స్థలాల్లో ఇళ్లు కట్టుకుని జీవో 76 కింద పట్టాలు అందుకున్న కుటుంబాలకు ఇక ‘ఈ ఇల్లు మనదేనా’ అన్న బెంగ తీరింది. కప్పుమీద నాలుగు డబ్బులు పెట్టడానికి ఆ ధైర్యం చాలు.

క్వార్టర్ల సంగతికొస్తే, వానాకాలానికి ముందు కప్పుల మరమ్మతులు ఎలాగూ చేయాల్సిందే. ఆ పనిలోనే నల్లతారు బదులు తెల్లపూత వేయమంటే అదనపు ఖర్చు ఎంతో కాదు. ముందు పైఅంతస్తు ఇళ్లు, మూడో షిఫ్టు ఎక్కువగా చేసేవారి ఇళ్లతో మొదలుపెట్టొచ్చు. బాయిలో రూఫ్ బోల్టుకు ఎంత ఖర్చయిందని ఎవరూ లెక్కచూడరు. అది రక్షణ కిందికి వస్తుంది కాబట్టి. రేపు అదే బాయి దిగబోయే మనిషి నిద్ర కూడా రక్షణ కిందికే రావాలి కదా!

ఎండలు ముదిరేలోగా...

* ఫిబ్రవరి, మార్చిలోనే కప్పు ఊడ్చి, నాచు గీకి, నీళ్లతో కడగాలి. బీటలుంటే సిమెంటుతోనో, తగిన రసాయనంతోనో పూడ్చి ఆరనివ్వాలి.

* సున్నమైనా, ఎండను తిప్పికొట్టే పెయింటైనా రెండు పూతలు తప్పనిసరి. ఉదయం లేదా సాయంత్రం వేయాలి. కాగిన కప్పుమీద వేస్తే పూత నిలవదు.

* బొగ్గుదుమ్ము పడే వాడల్లో నెలకోసారైనా కప్పును చీపురుతో ఊడవాలి.

* రేకుల గదికి పైన తెల్లరంగు, కింద వెదురు తడకో, ఫాల్స్ సీలింగో ఉంటే మంచిది. రెండింటి మధ్య గాలి ఆడేలా సందు వదలాలి. పాత సిమెంటు రేకులను రాయడం, కోయడం, రంధ్రాలు చేయడం వద్దు. వాటిలోని ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

* పడమటి కిటికీకి లోపల తెర కట్టడంకన్నా బయట చాపో, తడకో కడితే ఎక్కువ ఫలితం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపి ప్రయోజనం లేదు.

* రాత్రి, తెల్లవారుజామున కిటికీలు బార్లా తెరిచి, ఎండెక్కగానే మూసేయాలి.

* ఫ్యాను పాడైతే రీవైండింగ్ చేయించే ముందు ఓసారి ఆలోచించాలి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ స్టార్ గుర్తులు తప్పనిసరి. ఎన్ని స్టార్లున్నాయో చూసి కొనాలి.

* ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర ఉంచి, ఫ్యాను కూడా వేసుకోవాలి.

చల్లటి పగలు... భద్రమైన రాత్రి

సాయంత్రం ఏడు దాటింది. కాలనీ డాబాల మీద జనం కనిపిస్తారు. బకెట్లతో నీళ్లు చల్లుతుంటే వేడెక్కిన కాంక్రీటు బుస్సుమంటూ ఆవిరి వదులుతుంది. దూరంగా ఎన్టీపీసీ దీపాలు వెలుగుతాయి. పిల్లలు చాపలు పరుస్తారు. ‘ఈయేడు ఎండలు మస్తున్నయ్ అక్కా!’ అంటే, ‘ఏయేడు తక్కువున్నయ్ చెల్లే’ అన్న జవాబు పక్క డాబా మీంచి వస్తుంది.

వాళ్లు రాత్రికి డాబామీద పడుకోగలరు. మూడో షిఫ్టు మనిషికి ఆ భాగ్యం లేదు. ఆయన పడుకునే వేళకు డాబామీద ఎండ ఉంటుంది. ఆయనకున్నది ఆ గది, ఆ కప్పు మాత్రమే.

పది దాటగానే గల్లీలో బండి చప్పుళ్లు మొదలవుతాయి. నీళ్లసీసా, డబ్బా చేతికిస్తూ ఇల్లాలు ఎప్పటిలాగే ‘పైలం’ అంటుంది. ఆ ఒక్క మాటలో బాయి కప్పు, యంత్రాలు, కునుకు అన్నీ ఉంటాయి. లోపల ఆయన కప్పును తట్టి చూసుకుంటాడు. బయట ఆయన తలమీది కప్పును తట్టి చూడాల్సింది మిగతావాళ్లంతా కలిసి!